ఇంగ్లీష్ పద్యం చేతికిస్తే ఎక్కడ మొదలుపెట్టాలి: గ్రామర్ నుంచి సాహిత్య పదాల దాకా సమగ్ర మార్గదర్శి

డిగ్రీలో ఇంగ్లీష్ లిటరేచర్ తీసుకున్నవాళ్లు, పీజీ ఎంట్రన్స్‌కి చదివేవాళ్లు, డీఎస్సీలో స్కూల్ అసిస్టెంట్ ఇంగ్లీష్ పోస్టుకి ప్రిపేర్ అయ్యేవాళ్లు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. "సిమిలీ, మెటఫర్ డెఫినిషన్లు నోటికి వచ్చు. పద్యం ముందు పెడితే మాత్రం ఏది ఎక్కడుందో కనిపించదు. ఏం చేయాలి?"

నేను డిగ్రీ మొదటి సంవత్సరంలో ఉన్నప్పుడు ఒక పద్యానికి అప్రిసియేషన్ రాస్తూ ఏడు ఫిగర్స్ ఆఫ్ స్పీచ్ పేర్లు వరసగా పేర్చాను. పేపర్ తిరిగొచ్చింది. పదికి రెండు మార్కులు. పక్కన ఎర్ర సిరాతో రెండే మాటలు: "ఏ పదంలో?" ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. ఎందుకంటే ఆ వాక్యాల్లో కర్త ఏదో, క్రియ ఏదో నేను చూసుకోనే లేదు. అప్పటినుంచి నేను చదివే పద్ధతి మారింది. ఇప్పుడు పాఠం చెప్పేదీ ఆ పద్ధతిలోనే: ముందు గ్రామర్, దాని మీద సాహిత్య పదాలు.

## 1. మొదలుపెట్టే ముందు సిద్ధం చేసుకోవలసినవి

ఖర్చేమీ పెద్దగా లేదు.

- గీతలున్న లాంగ్ నోట్‌బుక్ ఒకటి. ఎడమ పేజీ పద్యానికి, కుడి పేజీ మీ రాతకు.
- పెన్సిల్, రబ్బరు. మొదటి చదువులో పెన్ను ముట్టుకోవద్దు. గుర్తులు మూడుసార్లయినా మారతాయి.
- రెండు రంగుల పెన్నులు. ఒకటి క్రియకి, ఒకటి పోలికకి.
- ఉచ్చారణ గుర్తులున్న లెర్నర్స్ డిక్షనరీ. ఫోన్‌లో ఉన్నదైనా సరే. ఇంగ్లీష్ నుంచి తెలుగుకి చెప్పే చిన్న నిఘంటువు మాత్రం ఈ పనికి చాలదు, అందులో స్ట్రెస్ గుర్తు, అంటే మాటలో ఏ ముక్కని గట్టిగా పలకాలో చెప్పే గుర్తు, దొరకదు.

ఈ వ్యాసమంతా ఒకే నాలుగు పాదాల మీద నడుస్తుంది. తరగతిలో చెప్పడానికి నేనే కట్టుకున్న పాదాలివి. వీటిని ఇంగ్లీష్ లిపిలో మీ నోట్‌బుక్ ఎడమ పేజీలో, పాదానికీ పాదానికీ మధ్య రెండు గీతలు ఖాళీ వదిలి రాసుకోండి.

ద రివర్ రన్స్ బిసైడ్ ద సైలెంట్ టౌన్,
అండ్ లైక్ ఎ మదర్, రాక్స్ ద బోట్స్ టు స్లీప్.
ది ఈవ్‌నింగ్ లేస్ ఇట్స్ యెల్లో బ్లాంకెట్ డౌన్,
అండ్ ఇన్ ద డార్క్ ఎ థౌజండ్ లాంటర్న్స్ వీప్.

నిశ్శబ్దంగా ఉన్న ఊరి పక్కనే నది పారుతోంది. తల్లిలా పడవల్ని ఊపి నిద్రపుచ్చుతోంది. సాయంత్రం తన పసుపు దుప్పటి పరుస్తోంది. చీకట్లో వెయ్యి లాంతర్లు ఏడుస్తున్నాయి. అర్థం ఇంతే. రాసుకోవడం అయిపోయాక రెండుసార్లు గొంతెత్తి చదవండి. కళ్లతో మాత్రమే చదివితే తర్వాత ఛందస్సు దగ్గర ఆగిపోతారు.

## 2. మొదటి అడుగు: క్రియను పట్టుకోండి

తెలుగులో క్రియ చివర వస్తుంది, కాబట్టి మన కన్ను వాక్యం చివరికి పోతుంది. ఇంగ్లీష్‌లో మామూలుగా కర్త పక్కనే క్రియ ఉంటుంది. పద్యంలో అదీ ఖాయం కాదు, కవి క్రమం తిప్పేస్తాడు. అందుకని పాదం చివర ఆగకుండా వాక్యం చివర, అంటే ఫుల్‌స్టాప్ దగ్గర ఆగండి. మన నాలుగు పాదాల్లో వాక్యాలు రెండే.

ఇప్పుడు పెన్సిల్‌తో ప్రతి క్రియ చుట్టూ సున్నా చుట్టండి. రన్స్, రాక్స్, లేస్, వీప్. నాలుగు.

ప్రతి క్రియనూ "ఎవరు?" అని అడగండి. రన్స్ ఎవరు? నది. లేస్ ఎవరు? సాయంత్రం. వీప్ ఎవరు? లాంతర్లు.

రాక్స్ ఎవరు? ఇక్కడే తరగతిలో సగం మంది "మదర్" అంటారు, ఆ పదం క్రియకు పక్కనే ఉంది కాబట్టి. కానీ "లైక్ ఎ మదర్" అనేది పోలిక చెప్పే ముక్క. దాన్ని వేలితో మూసేసి చదవండి: "ద రివర్ రన్స్ అండ్ రాక్స్ ద బోట్స్". ఊపేది నది. కర్త మొదటి పాదంలో ఉండిపోయింది, రెండో పాదానికి అదే కర్త. మదర్‌ని కర్త అనుకున్నవాళ్లకి ఈ పద్యంలో నిజంగా ఒక తల్లి ఉండి పడవలు ఊపుతోందని అర్థమవుతుంది. అక్కడితో సిమిలీ పోయింది, పద్యమూ పోయింది.

తర్వాత "దేన్ని?" అని అడగండి. రాక్స్ దేన్ని? పడవల్ని. లేస్ దేన్ని? దుప్పటిని. రన్స్, వీప్‌లకి ఈ ప్రశ్న వేస్తే జవాబు రాదు. జవాబు వచ్చేవి సకర్మకాలు, రానివి అకర్మకాలు.

ఈ తేడా తెలిస్తే ఒక పాత తలనొప్పి కూడా తీరుతుంది. "లే" అంటే పరచడం, పెట్టడం, దానికి కర్మ కావాలి. "లై" అంటే పడుకోవడం, ఉండటం, దానికి కర్మ అక్కర్లేదు. గందరగోళమంతా "లై" భూతకాల రూపం కూడా "లే" కావడం వల్ల. మన మూడో పాదంలో "బ్లాంకెట్" అనే కర్మ ఉంది, పైగా చివర ఎస్ ఉంది. కాబట్టి అది పరచడమే, వర్తమానమే.

నాలుగో పాదంలో క్రమం తిరిగింది. "ఇన్ ద డార్క్" ముందుకొచ్చింది, కర్త వెనక్కిపోయింది. మామూలు క్రమంలో పెట్టి చదవండి: "ఎ థౌజండ్ లాంటర్న్స్ వీప్ ఇన్ ద డార్క్". అర్థం మారలేదు. కానీ ఏడుపు అనే మాట మధ్యలోకి వచ్చేసి, చివర చీకటి మిగిలింది. పద్యంలో చివరి మాట "వీప్". చదివేవాడి చెవిలో ఏది మిగలాలో ఆ క్రమం నిర్ణయించింది. ఇలా తిప్పడాన్ని ఇన్వర్షన్ అంటారు. చూశారా, గ్రామర్ చేస్తూ చేస్తూ మొదటి సాహిత్య పదం దగ్గరికి వచ్చేశాం.

ఈ అడుగు పూర్తయిందో లేదో చూసుకోండి:

- ప్రతి ఫుల్‌స్టాప్ దగ్గర వాక్యం ఆగిందని గుర్తు పెట్టానా?
- ప్రతి క్రియకీ కర్త దొరికిందా?
- దాగి ఉన్న కర్తని పక్కన రాసుకున్నానా?
- క్రమం తిరిగిన వాక్యాన్ని మామూలుగా ఒకసారి రాసి చూశానా?

## 3. రెండో అడుగు: చిన్న మాటల్ని వదలొద్దు

పెద్ద మాటలకి డిక్షనరీ ఉంది. మార్కులు పోయేది చిన్న మాటల దగ్గర.

"ద రివర్", "ఎ మదర్". మొదటిదానికి ద, రెండోదానికి ఎ. మన భాషలో ఆర్టికల్స్ లేవు కాబట్టి కన్ను వాటిని దాటేస్తుంది. ద అంటే ఏ నదో మాట్లాడేవాడికి తెలుసు, మీకూ తెలుసని అనుకుంటున్నాడు. ఎ అంటే ఫలానా తల్లి అని లేదు, ఏ తల్లైనా అంతే. ఆ ఒక్క అక్షరం వల్ల పోలిక అందరి తల్లుల మీదికి పోయింది.

"ఇట్స్ యెల్లో బ్లాంకెట్". ఇక్కడ ఎస్ ముందు అపాస్ట్రఫీ లేదు, కాబట్టి "దాని" అని అర్థం. అపాస్ట్రఫీ ఉంటే "ఇట్ ఈజ్" లేదా "ఇట్ హ్యాజ్". కవి ఇక్కడ "హర్" అని రాసి ఉంటే సాయంత్రం పూర్తిగా ఆడమనిషి అయిపోయేది. ఇట్స్ అనడం వల్ల సగం మనిషి, సగం పొద్దు.

ఇక అన్నిటికంటే ముఖ్యమైన చిన్న మాట, "లైక్". "ఐ లైక్ ద రివర్" అన్నప్పుడు అది క్రియ, పోలిక లేదు. "లైక్ ఎ మదర్" అన్నప్పుడు ప్రిపోజిషన్, పోలిక ఉంది. ఒకే మాట, చేసే పని వేరు. పార్ట్స్ ఆఫ్ స్పీచ్ ఎనిమిదీ బట్టీ పట్టడం కంటే, ఈ వాక్యంలో ఈ మాట ఏం పని చేస్తోందని అడగడం నేర్చుకోండి.

"యాజ్" కూడా అంతే. "యాజ్ ఎ మదర్, షి వర్రీస్" అంటే తల్లిగా ఆమె దిగులు పడుతోంది, ఆమె నిజంగా తల్లే. "లైక్ ఎ మదర్, షి వర్రీస్" అంటే తల్లిలా దిగులు పడుతోంది, ఆమె తల్లి కాకపోవచ్చు. తెలుగులో "గా"కీ "లా"కీ ఉన్న తేడా ఇది. ఈ రెండు ప్రత్యయాలు మనకు పుట్టుకతో వచ్చినవి. ఇంగ్లీష్ వాక్యాన్ని మనసులో తెలుగు చేసి, "గా" వస్తోందా "లా" వస్తోందా చూడండి. "లా" వస్తేనే సిమిలీ గురించి ఆలోచించండి.

## 4. మూడో అడుగు: పోలికల్ని పేరుపెట్టి పిలవడం

ఇప్పుడు రంగు పెన్ను తీయండి.

సిమిలీ. టెన్త్‌లో తెలుగు మీడియం అయినా, ఇంగ్లీష్ మీడియం అయినా ఉపమాలంకారం చదివే ఉంటారు. ఉపమేయం, ఉపమానం, సమానధర్మం, ఉపమావాచకం. ఆ నాలుగు గదుల్నీ ఇక్కడ వాడుకోండి. ఉపమేయం నది. ఉపమానం తల్లి. ఉపమావాచకం లైక్. సమానధర్మం? నెమ్మదిగా ఊపి నిద్రపుచ్చడం. ఈ నాలుగో గది నింపగలిగితే మీ జవాబు సగం రాసినట్టే. ఇంగ్లీష్ విమర్శలో ఉపమేయాన్ని టెనర్ అనీ, ఉపమానాన్ని వెహికల్ అనీ అంటారు.

ఒక జాగ్రత్త. "ద బాయ్ స్విమ్స్ లైక్ హిజ్ బ్రదర్" అన్నదాంట్లో లైక్ ఉంది, సిమిలీ లేదు. అబ్బాయిని అబ్బాయితో పోల్చడం మామూలు మాట. వేరు వేరు జాతుల వస్తువులు కలిసి, కొత్తగా ఏదో కనిపించాలి.

మెటఫర్. రూపకం. "టైమ్ ఈజ్ ఎ రివర్" లాంటి వాక్యం ఇస్తే అందరూ పట్టేస్తారు. కానీ కవిత్వంలో మెటఫర్ ఎప్పుడూ "ఈజ్" పట్టుకుని రాదు. మూడో పాదం చూడండి. "యెల్లో బ్లాంకెట్" అంది. సాయంత్రానికి దుప్పటెక్కడిది? అది సాయంకాలపు వెలుగు. వెలుగు అనే మాట పద్యంలో లేనే లేదు, ఉపమానం ఒక్కటే మిగిలింది.

క్రియలో దాగే మెటఫర్ ఇంకా ఎక్కువ తప్పించుకుంటుంది. మనం రోజూ అనేవే చూడండి: ధరలు మండిపోతున్నాయి, మనసు కరిగింది, ఆశలు మొలకెత్తాయి. ఎక్కడా "వలె" లేదు, "ఈజ్" లేదు. ధరని నిప్పు చేసింది "మండు" అనే క్రియ. అందుకే రెండో సెక్షన్‌లో క్రియల చుట్టూ సున్నాలు చుట్టమన్నాను. ఇప్పుడు ఆ సున్నాల దగ్గరికి వెళ్లి, ఈ క్రియ ఈ కర్తకి మామూలుగా తగులుతుందా అని అడగండి. తగలకపోతే అక్కడ ఏదో ఉంది.

పర్సానిఫికేషన్. అదే ప్రశ్న ఇంకొంచెం బిగించి అడగాలి. కర్త మనిషి కాదు, క్రియ మనిషిది. లాంతర్లు ఏడుస్తున్నాయి: అవును. సాయంత్రం దుప్పటి పరుస్తోంది: అవును. నది "రన్స్": కాదు. నదులకి ఇంగ్లీష్‌లో రోజూ వాడే క్రియే అది. మనం గడియారం నడుస్తోందంటే గడియారాన్ని మనిషిని చేసినట్టు కాదు కదా. పరీక్షలో కనిపించిన ప్రతిదాన్నీ పర్సానిఫికేషన్ అనేస్తారు చాలామంది. "ద విండ్ బ్లోస్" అంటే గాలి వీస్తోంది, అంతే. "ద విండ్ విస్పర్స్" అంటే గుసగుసలాడుతోంది, అక్కడ మనిషి వచ్చాడు.

హైపర్బలీ. అతిశయోక్తి. "ఎ థౌజండ్ లాంటర్న్స్". ఎవరూ లెక్కపెట్టి ఉండరు. కానీ పేరు రాసి ఆగొద్దు. నిశ్శబ్దంగా ఉన్న ఊళ్లో వెయ్యి ఏడుపులు ఎందుకు అని అడగండి.

మెటానమీ, సినెక్‌డకీ. ఈ రెంటికీ టెన్షన్ పడనివాళ్లని నేను చూడలేదు. తెలుగులో పెట్టుకోండి. "ఢిల్లీ ఒప్పుకోవాలి" అంటే కేంద్ర ప్రభుత్వం ఒప్పుకోవాలని. ఊరికీ ప్రభుత్వానికీ సంబంధం ఉంది, ఒకటి ఇంకోదాంట్లో భాగం కాదు. ఇది మెటానమీ. "పది చేతులు పడితే పని తెములుతుంది" అంటే పదిమంది మనుషులని. చెయ్యి మనిషిలో భాగం. ఇది సినెక్‌డకీ. ఇంగ్లీష్‌లో రాజుకి బదులు "క్రౌన్" అంటే మొదటిది, పనివాళ్లకి బదులు "హ్యాండ్స్" అంటే రెండోది.

ఐరనీ అంటే ఎత్తిపొడుపు ఒక్కటే కాదు, ఎత్తిపొడుపు సర్‌కాజమ్. అన్నదానికీ ఉన్నదానికీ, అనుకున్నదానికీ జరిగినదానికీ పొసగకపోతే ఐరనీ. ఆక్సీమోరాన్ పక్కపక్కన ఉన్న రెండు మాటల గొడవ, పారడాక్స్ ఒక మొత్తం ఆలోచనలోని గొడవ. సింబల్, అంటే ప్రతీక విషయంలో తొందరపడొద్దు. ఒక వస్తువు పద్యమంతా మళ్లీ మళ్లీ వస్తేనో, దాని మీద మామూలు కంటే ఎక్కువ బరువు పడితేనో ఆ పేరు పెట్టండి.

తెలుగు అలంకారాల పేర్లు ఊతకర్రగా వాడుకోండి, అంతకు మించి వద్దు. ఉపమ, రూపకం, అతిశయోక్తి, శ్లేష చాలావరకు సరిపోతాయి. ఉత్ప్రేక్ష సరిపోదు. "యాజ్ ఇఫ్" అని ఊహ చేస్తే మనం ఉత్ప్రేక్ష అంటాం, ఇంగ్లీష్‌లో మామూలుగా దాన్నీ సిమిలీలోనే కలిపేస్తారు.

## 5. నాలుగో అడుగు: చెవి పని

### 5.1 అలిటరేషన్, రైమ్

అలిటరేషన్ అంటే దగ్గర దగ్గర మాటలు ఒకే హల్లు శబ్దంతో మొదలవడం. అది శబ్దానికి సంబంధించింది, స్పెల్లింగ్‌కి కాదు. "నైఫ్" స్పెల్లింగ్ కె అక్షరంతో మొదలైనా "కైట్"తో కలవదు. "ఫోన్" స్పెల్లింగ్ పి అక్షరంతో మొదలైనా "ఫైర్"తో కలుస్తుంది. మొదటి పాదంలో "రివర్ రన్స్" అలిటరేషన్.

రైమ్ అంటే పాదం చివరి అంత్యప్రాస. తెలుగు పద్యంలో ప్రాస అంటే ప్రతి పాదంలో రెండో అక్షరం, ఆ లెక్క ఇక్కడ పనికిరాదు. చివరి స్ట్రెస్ పడ్డ అచ్చు నుంచి మాట చివరిదాకా ఒకేలా వినిపించాలి. టౌన్, డౌన్. స్లీప్, వీప్. మొదటి శబ్దానికి ఎ, రెండోదానికి బి అని పేరు పెడితే మన పాదాలు ఎ బి ఎ బి. "లవ్", "మూవ్" కంటికి మాత్రమే కలుస్తాయి, చెవికి కలవవు. దాన్ని ఐ రైమ్ అంటారు, ఇక్కడ "ఐ" అంటే కన్ను.

### 5.2 మీటర్

ఇక్కడ నిదానంగా రండి. తెలుగు ఛందస్సు కాలాన్ని కొలుస్తుంది: లఘువు ఒక మాత్ర, గురువు రెండు మాత్రలు. ఇంగ్లీష్ ఛందస్సు ఊనికని, అంటే స్ట్రెస్‌ని లెక్కపెడుతుంది. ఏ సిలబుల్ మీద, అంటే ఒక్క ఊపులో పలికే ఏ ముక్క మీద, గొంతు బలంగా పడుతోందన్నదే లెక్క.

కానీ నమూనాలు మనకు తెలిసినవే. గురువు స్థానంలో స్ట్రెస్, లఘువు స్థానంలో స్ట్రెస్ లేకపోవడం అనుకోండి.

- లఘువు, గురువు, అంటే మన వగణం: ఐయాంబ్. "బిసైడ్".
- గురువు, లఘువు, అంటే హగణం: ట్రోకీ. "రివర్".
- రెండు లఘువులు, గురువు, అంటే సగణం: అనపెస్ట్. "అండర్‌స్టాండ్".
- గురువు, రెండు లఘువులు, అంటే భగణం: డాక్టిల్. "ఎలిఫెంట్".

పాదాన్ని ఇలా విడగొట్టండి. బల్ల మీద వేలితో తడుతూ చదవండి:

ద రివ్ / అర్ రన్స్ / బి సైడ్ / ద సై / లెంట్ టౌన్

ప్రతి ముక్కలో రెండోదాని మీద వేలు గట్టిగా పడుతుంది. ఐదు ముక్కలు, ఐదూ ఐయాంబ్‌లే. ఐయాంబిక్ పెంటామీటర్. ముక్కలు మూడుంటే ట్రిమీటర్, నాలుగైతే టెట్రామీటర్, ఆరైతే హెక్సామీటర్.

గణవిభజనలో మాట మధ్యలో తెగినా మనకు పట్టింపు ఉండదు కదా, ఇక్కడా అంతే. రివర్ రెండు ముక్కల్లోకి పోయిందని కంగారు పడొద్దు.

మాట మీద స్ట్రెస్ ఎక్కడో తెలియకపోతే డిక్షనరీలో ఉచ్చారణ చూడండి. పైన చిన్న నిలువు గీత ఉంటుంది, దాని వెంటనే వచ్చే సిలబుల్‌కి స్ట్రెస్. "ప్రెజెంట్" లాంటి మాటలు నామవాచకంగా ఉంటే మొదట, క్రియగా ఉంటే చివర స్ట్రెస్ తీసుకుంటాయి. గ్రామర్ ఇక్కడా వదల్లేదు.

నాలుగో పాదంలో రెండో సిలబుల్ "ఇన్". మామూలు మాటల్లో దాని మీద బలం ఉండదు. పాదం నడక కోసం కొంచెం బలం వస్తుంది. గట్టిగా ఒత్తి చదవకండి, నడక వినిపిస్తే చాలు.

### 5.3 తరచూ తారుమారయ్యే రెండు

బ్లాంక్ వర్స్ అంటే రైమ్ లేని ఐయాంబిక్ పెంటామీటర్. నడక ఉంటుంది. ఫ్రీ వర్స్‌లో నియమమైన నడకే ఉండదు. ఆబ్జెక్టివ్ పేపర్లలో ఈ రెంటినీ పక్కపక్కన ఆప్షన్లుగా ఇస్తే చాలామంది తడబడతారు.

సానెట్‌కి 14 పాదాలు. షేక్‌స్పియర్ పద్ధతిలో 4, 4, 4, 2గా విడిపోతుంది. పెట్రార్క్ పద్ధతిలో 8, 6గా విడిపోతుంది. పాదాలు లెక్కపెట్టి ఆగిపోకండి, ఆలోచన ఎక్కడ మలుపు తిరిగిందో వెతకండి.

## 6. ఐదో అడుగు: జవాబు రాయడం

కుడి పేజీకి రండి. ప్రతి సాహిత్య పదానికీ నాలుగు ముక్కలు కావాలి: పేరు, ఏ మాటలో ఉంది, ఆ మాట ఏం చేసింది, దాని వల్ల మనకేం తెలిసింది.

మొదటిసారి విద్యార్థులు రాసేది ఇలా ఉంటుంది: "ద పోయెట్ హ్యాజ్ యూజ్డ్ సిమిలీ. ఇట్ ఈజ్ వెరీ బ్యూటిఫుల్."

దిద్దాక ఇలా ఉండాలి: "ఇన్ ద సిమిలీ 'లైక్ ఎ మదర్', ద స్పీకర్ కంపేర్స్ ద రివర్ టు ఎ మదర్. ద వర్బ్ రాక్స్ టర్న్స్ ద మూవ్‌మెంట్ ఆఫ్ ద వాటర్ ఇంటు యాన్ యాక్ట్ ఆఫ్ కేర్." నీటి కదలికని ఆ క్రియ ఆప్యాయతగా మార్చిందని చెప్పాం. బ్యూటిఫుల్ అనే మాట అవసరమే రాలేదు.

ఇందులో పోయెట్ అనకుండా స్పీకర్ అన్నాం. పద్యంలో "ఐ" అన్నది కవే అయి ఉండాలని లేదు. నవలైతే నేరేటర్ అనండి.

పద్యం గురించి రాసేటప్పుడు వర్తమానకాలం వాడండి. కవి వందల ఏళ్ల కిందటివాడైనా "ద స్పీకర్ సేస్" అనే రాయాలి. కవి జీవితం గురించి చెప్పేటప్పుడు మాత్రం భూతకాలం.

మన తెలుగు అలవాటు వల్ల జవాబుల్లో దొర్లే తప్పులు, వాటి దిద్దుబాట్లు:

- "డిస్కసెస్ అబౌట్ డెత్": అబౌట్ తీసేయండి. "గురించి" అన్న మాట మన నోట్లో ఉండటం వల్ల వస్తుంది.
- "దో ద టౌన్ ఈజ్ సైలెంట్, బట్": దో ఉంటే బట్ వద్దు.
- "వన్ ఆఫ్ ద ఇమేజ్": వన్ ఆఫ్ తర్వాత బహువచనమే, ఇమేజెస్.
- "ద యూజ్ ఆఫ్ సిమిలీస్ ఆర్": కర్త యూజ్, కాబట్టి ఈజ్. మధ్యలో ఉన్న సిమిలీస్‌ని వేలితో మూసి చదవండి, మదర్‌ని మూసినట్టే.
- "ద పోయెమ్ ఈజ్ హ్యావింగ్ ఫోర్ లైన్స్": హ్యాజ్ చాలు.
- "పోయెట్ యూజెస్ మెటఫర్": ద పోయెట్, ఎ మెటఫర్.

ప్యాసివ్ వాయిస్‌తో ఒక పరీక్ష చేసి చూడండి. "ద బోట్స్ ఆర్ రాక్‌డ్ టు స్లీప్" అని మార్చండి. పడవలు నిద్రపోయాయి సరే, ఊపినవాళ్లెవరు? నది మాయమైంది. యాక్టివ్, ప్యాసివ్ మార్చడం గ్రామర్ పేపర్‌లో ఐదు మార్కుల బిట్టు అనుకుంటాం. పద్యం దగ్గర అది, చేసినవాణ్ణి చూపించాలా దాచాలా అన్న నిర్ణయం.

ఇంకొకటి, పేర్లు పలకడం. ఇంటర్వ్యూలోనూ క్లాసులోనూ నోరు తెరవాల్సిందే కదా. సిమిలీకి మూడు సిలబుల్స్, "సిమైల్" కాదు. హైపర్బలీకి నాలుగు, "హైపర్‌బోల్" కాదు. సినెక్‌డకీలో "డోచ్" లేదు. స్పెల్లింగ్ చూసి పలికితే ఇవన్నీ తప్పుతాయి. ఒక్కోటి డిక్షనరీలో విని పదిసార్లు పైకి అనండి.

## 7. ఎన్ని రోజులు, ఏ వరసలో

మొదటి వారం సాహిత్య పదాల జోలికే వెళ్లొద్దు. రోజుకి నాలుగు పాదాలు తీసుకుని కర్త, క్రియ, కర్మ మాత్రమే. బోర్ కొడుతుంది, ఓపిక పట్టండి.

రెండో వారం సిమిలీ, మెటఫర్, పర్సానిఫికేషన్, హైపర్బలీ, అలిటరేషన్, రైమ్. ఆరు చాలు. ప్రతిదానికీ నోట్‌బుక్‌లో ముందు మీ సొంత తెలుగు వాక్యం, తర్వాత ఇంగ్లీష్ వాక్యం రాయండి. గైడ్‌లో ఉన్న ఉదాహరణ ఎక్కించొద్దు. మీ ఊరి ధరలో, మీ అమ్మ మాటలో దొరికిన మెటఫర్ పరీక్ష హాల్లో గుర్తొస్తుంది.

మూడో వారం మీటర్, మిగతా పదాలు. నాలుగో వారం రోజుకో జవాబు, గడియారం పెట్టుకుని.

జవాబు ఇచ్చేసే ముందు ఒక్క నిమిషం:

- నేను రాసిన ప్రతి పేరు పక్కన పద్యంలోని మాట ఉందా?
- ఆ మాట కోట్ మార్కుల్లో ఉందా, అక్షరం పొల్లు పోకుండా రాశానా?
- క్రియలన్నీ వర్తమానంలో ఉన్నాయా?
- పద్యంలో లేని కథ ఏదైనా నేను కల్పించానా?

## 8. మీరే చేసి చూడండి

ఇవి కూడా నేను కట్టినవే. పై అడుగులన్నీ వరసగా వేసి, ఆ తర్వాతే కింద చదవండి.

ది ఓల్డ్ క్లాక్ కాఫ్స్. ద హౌస్ ఫర్‌గెట్స్ టు బ్రీద్.
ఎ సింగిల్ షూ ఈజ్ వెయిటింగ్ బై ద డోర్.

క్రియలు మూడు: కాఫ్స్, ఫర్‌గెట్స్, ఈజ్ వెయిటింగ్. కర్తలు గడియారం, ఇల్లు, చెప్పు. మూడూ మనుషులు కావు. దగ్గడం, మర్చిపోవడం మనుషుల పనులు, కాబట్టి పర్సానిఫికేషన్. "క్లాక్ కాఫ్స్" అలిటరేషన్, రెండూ క శబ్దంతోనే మొదలయ్యాయి.

"ఓల్డ్ క్లాక్ కాఫ్స్" దగ్గర మూడు బరువైన సిలబుల్స్ వరసగా పడ్డాయి. ఐయాంబ్ నడక అక్కడ తట్టుకుని నెమ్మదిస్తుంది, ముసలివాళ్ల దగ్గులాగే. రెండో పాదం మళ్లీ సాఫీగా నడుస్తుంది.

కాలం చూడండి. మొదటి రెండు క్రియలు సింపుల్ ప్రెజెంట్, మూడోది కంటిన్యువస్. ఎదురుచూపు ఇంకా అయిపోలేదు.

ఇక్కడ చాలామంది "హిజ్ ఫాదర్ డైడ్" అని రాస్తారు. తండ్రి పద్యంలో లేడు, చావూ లేదు. ఉన్నది ఇంత: "ఎ సింగిల్ షూ". ఏకవచనం. చెప్పులు జతగా ఉంటాయి, రెండోది ఎక్కడికి పోయిందో వాక్యం చెప్పలేదు. తొడుక్కునే మనిషి బదులు అతని వస్తువు నిలబడింది కాబట్టి మెటానమీ అని రాయొచ్చు, "సింగిల్" అనే మాటని ఆధారంగా చూపిస్తూ.